చెడ్డ స్నేహితుడు ఎవరింట్లో ఉన్నాడు?

"మావాడు బంగారమండీ. ఆ పక్కవీధి కుర్రాడితో తిరగడం మొదలుపెట్టాకే ఇలా తయారయ్యాడు."

ఈ మాట అనని తల్లిని ఒక్కరిని చూపించండి, చూస్తాను. మా ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరనాళ్ళప్పుడు గుడి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ కబుర్లు కాసేపు వింటే చాలు. ఒకావిడ కొడుకు పుస్తకం ముట్టకుండా సెల్‌ఫోను పట్టుకు కూర్చుంటున్నాడు. స్నేహితుల వల్ల. ఇంకొకావిడ కొడుకు సిగరెట్టు నేర్చాడు. స్నేహితుల వల్ల. మూడో ఆవిడ కూతురు ఎదురు సమాధానం చెబుతోంది. అదీ స్నేహితురాళ్ళ వల్లే. పోనీ ఆ పక్కవీధికి వెళ్ళి, చెడగొట్టిన కుర్రాడి తల్లినే అడుగుదామా? ఆవిడా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మావాడు వట్టి అమాయకుడండీ, మీ వీధి పిల్లలే..." అంటుంది. లెక్క వేసి చూస్తే ఊళ్ళో పిల్లలందరూ బంగారాలే. మరి ఇంతమంది బంగారాలను ఇత్తడి చేస్తున్న ఆ మహానుభావుడు ఏ ఇంట్లో అన్నం తింటున్నాడో, ఏ తల్లి వడ్డిస్తోందో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

సావాసదోషం అని మనకో మాట ఉంది. మన దృష్టిలో అదో అంటురోగం. పిల్లాడు బయటినుంచి రాగానే కాళ్ళు కడుక్కున్నావా అని అడిగినట్టే, ఎవరితో తిరిగావని అడుగుతాం. సావాసగుణం అనే మాట మాత్రం మన ఇళ్ళలో వినపడదు. పిల్లాడికి మంచి మార్కులు వస్తే "నా పెంపకం" అంటాం. "ట్యూషన్ మాస్టారి చలవ" అంటాం. "అచ్చం వాళ్ళ తాతగారి పోలిక" అంటాం. "వాడి స్నేహితుడు మంచివాడండీ, వాడి వల్లే మావాడు దారిలో పడ్డాడు" అన్న తల్లి నాకు తారసపడలేదు. తప్పు జరిగితే స్నేహితుడిది, ఒప్పు జరిగితే మనది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని సామెత. దీన్ని మనం పిల్లలని బెదిరించడానికే వాడతాం. సామెతలో మంచివాడని లేదు, చెడ్డవాడని లేదు. చెడ్డవాడి పక్కన చెడిపోయేవాడు మంచివాడి పక్కన బాగుపడకుండా ఎలా ఉంటాడు? ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. వారు వీరైతే, వీరు వారు కావద్దూ? మీ అబ్బాయి ఆ కుర్రాడిలా మారిపోయేలోగా ఆ కుర్రాడు మీ అబ్బాయిలా ఎందుకు మారలేదు? మీ బంగారానికి ఆ పాటి బలం లేదా?

కోపం తెచ్చుకోకండి. ఇవాళ నేను స్నేహితుల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ కనపడలేదు, అందుకని.

సాక్షిని ఎక్కడో వెతకనక్కరలేదు. ఉయ్యూరు పక్కనే కాటూరు ఉంది. 1895 లో కాటూరి వెంకటేశ్వరరావు గారు పుట్టిన ఊరు అది. ఆయనకంటే ఏడాది ముందు పుట్టినవారు పింగళి లక్ష్మీకాంతం గారు. ఇద్దరూ బందరులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారి శిష్యులు. ఇద్దరూ కలిసి పద్యాలు అల్లారు. 1923 లో 'తొలకరి' వచ్చింది, 1932 లో 'సౌందరనందము' వచ్చింది. తెలుగువాళ్ళు వాళ్ళని విడదీసి పిలవడమే మానేసి పింగళి కాటూరి కవులన్నారు. తరవాత ఒకరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. ఇంకొకరు కృష్ణాపత్రికకు సంపాదకులయ్యారు. ఉద్యోగాలు వేరయ్యాయి, ఊళ్ళు వేరయ్యాయి. పేర్లు మాత్రం ఒకదాని పక్కన ఒకటి అలాగే ఉండిపోయాయి.

జంటగా రాయడమంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? నేను కట్టిన పాదం బాగా లేదని నా స్నేహితుడు మొహం మీద చెబుతాడు. నేను అలిగి వెళ్ళిపోకుండా ఇంకోటి కట్టాలి. వాడు కట్టినది నాకంటే బాగుంటే లోపల ఎంత కలుక్కుమన్నా పైకి భేష్ అనాలి. ఆఖరికి పుస్తకం అచ్చయ్యాక ఏ పాదం ఎవరిదో చెప్పకుండా రెండు పేర్లూ వేసుకోవాలి. మన ఇళ్ళల్లో తోడికోడళ్ళు ఇద్దరు కలిసి ఒక్క ఆవకాయ జాడీ పెడితే, ఉప్పు ఎవరు కొలిచారో నూనె ఎవరు పోశారో ఏడాది పొడుగునా చెప్పుకుంటాం. అలాంటిది ఇద్దరు కుర్రాళ్ళు వయసులో ఉండగా ఈ విద్య నేర్చుకున్నారంటే అది ఏ పాఠ్యపుస్తకంలోది?

గురువుగారిని చూసి నేర్చుకున్నారు. చెళ్ళపిళ్ళ వారు కూడా జంటకవే కదా. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారూ ఆయనా కలిసి తిరుపతి వేంకట కవులు. ఇద్దరూ కలిసి ఊరూరా అవధానాలు చేశారు, మీసాలు పెంచి సవాళ్ళు విసిరారు, ఇద్దరూ కలిసి నాటకాలు రాశారు. కురుక్షేత్రంలో పద్యాలు ఈనాటికీ మన పల్లెల్లో చదువురానివాళ్ళు కూడా రాగం తీసి పాడతారు. తిరుపతిశాస్త్రి గారు 1920 లో పోయారు. వేంకటశాస్త్రి గారు 1950 దాకా ఉన్నారు. ఈ ముప్పై ఏళ్ళలోనూ తాను ఒంటరిగా రాసినవాటిని కూడా ఆయన తిరుపతి వేంకటీయమనే పేరు పెట్టి ప్రకటించారు. పోయిన స్నేహితుడికి తన రాతలో సగం వాటా పంచి ఇచ్చారన్నమాట. ఆస్తిలో వాటా కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే కృష్ణాజిల్లాలో ఇదేమైనా చిన్న సంగతా? శిష్యులు చెవులతో విన్న పాఠం ఛందస్సు, అలంకారం. కళ్ళతో చూసిన పాఠం ఇది.

ఇక్కడ ఒక్క మాట. గొప్పవాణ్ణి ఆదర్శంగా పెట్టుకోమని పిల్లలకి చెప్పేటప్పుడు వాళ్ళు అచ్చం ఆ గొప్పవాడిలాగే తయారవాలని మన ఆశ. చెళ్ళపిళ్ళ వారి శిష్యులను వరసగా నిలబెట్టి చూడండి. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయన శిష్యులే. తనంతటి శిష్యుడు ఇంకే గురువుకూ దొరకలేదని పద్యంలో చెప్పుకున్న ధీమా ఆయనది. 1970 లో జ్ఞానపీఠ పురస్కారం తెలుగుకు మొదటిసారి తెచ్చింది ఆయనే. వేటూరి ప్రభాకరశాస్త్రి గారూ ఆయన శిష్యులే. తాళపత్రాలు, శాసనాలు, అన్నమయ్య రాగిరేకులు ముందేసుకుని తల వంచుకుని పనిచేసిన మనిషి. పింగళి కాటూరి వారిది మరో దారి, నెమ్మదైన దారి. ఒక్కరికి ఇంకొకరి పోలిక లేదు. గురువు అచ్చులు పోయలేదు, ఎవరి మట్టికి వాళ్ళని నిలబెట్టాడు. ఏడాదికి వెయ్యిమందిని ఒకే మూసలో పోసి బయటికి పంపే చోట్ల మన పిల్లల్ని చేర్చి, "వాడికంటూ ఒక వ్యక్తిత్వం రావడం లేదండీ" అని మళ్ళీ మనమే వాపోతాం.

సినిమా హీరోలని చూసి పిల్లలు పాడవుతున్నారని ఇంకో ఫిర్యాదు. నేను ఆ వాదన కూడా పూర్తిగా ఒప్పుకోను. నందమూరి తారక రామారావు గారు మన నిమ్మకూరు మనిషే. కుర్రతనంలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి బెజవాడలో పాలు పోసిన మనిషి. కాలేజీలో ఆయనకి తెలుగు చెప్పింది పైన చెప్పిన విశ్వనాథ వారు. నాటకంలో ఆడవేషం వెయ్యమంటే, వేస్తాను గాని మీసం తియ్యనన్నాడనీ, దాంతో స్నేహితులు మీసాల నాగమ్మ అని పేరు పెట్టారనీ అందరికీ తెలిసిన కథే. గురువుగారి గురువు మీసానికీ శిష్యుడి మీసానికీ ఏమైనా సంబంధం ఉందేమో, పరిశోధకులు చూసుకోవాలి. నేననేదేమంటే, పిల్లలు హీరోని తెర మీద చూస్తే ఆ పాల సైకిలు కథ చెప్పాల్సింది మనం. తెర మీద అది కనపడదు. మనం చెప్పకపోతే వాళ్ళకి మిగిలేది జుట్టు కత్తిరింపూ, కళ్ళజోడూ.

సరే, ఈ కాలానికి వద్దాం. అసలు పోట్లాట ఇక్కడే.

ఒకప్పుడు మా ఉయ్యూరులో కుర్రాళ్ళు పదో తరగతి అయ్యాక కూడా ఊళ్ళోనే ఉండేవాళ్ళు. 1941 లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చిన ఊరు ఇది. క్రషింగ్ రోజుల్లో రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు బారులు తీరేవి. బండి వెనకనుంచి గడ లాక్కుని నలుగురూ పంచుకు తినడం కుర్రాళ్ళకి పరిపాటి. అది దొంగతనమే, కాదనను. అయితే లాగినవాడు ఒక్కడూ తినలేదు, పట్టుబడినవాడు మిగతావాళ్ళ పేర్లు చెప్పలేదు. 1975 లో చెరకు రైతుల పేరు కూడా కలుపుకుని డిగ్రీ కాలేజీ వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలు సైకిళ్ళ మీద గుంపుగా వచ్చి గుంపుగా వెళ్ళేవాళ్ళు. ఎవడి ట్యూబు పంక్చరైనా అందరూ ఆగేవాళ్ళు.

ఇప్పుడో? పదో తరగతి పరీక్ష అయీ అవకముందే, కొన్ని ఇళ్ళలో ఏడో తరగతి నుంచే, బెజవాడ చుట్టూ వెలిసిన రెసిడెన్షియల్ చదువులకి పంపేస్తున్నాం. తెల్లవారకముందు గంట కొడితే లేవాలి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్. వారం వారం పరీక్ష. మార్కుల వరసని బట్టి సెక్షను. మార్కులు తగ్గితే సెక్షను మార్చేస్తారు. అంటే నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితుడు ఇవాళ ఇంకో గదిలో ఉంటాడన్నమాట. మీ పిల్లకి లెక్క రాకపోతే పక్కపిల్ల చెప్పిందనుకోండి, వచ్చే వారం మీ పిల్ల పైకి ఎక్కుతుంది, చెప్పిన పిల్ల కిందికి దిగుతుంది. స్నేహం చేస్తే నష్టపోయేలా ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసిన చదువు మన తాతల కాలంలో ఉందా? చెడు సావాసాల భయంతో వేలూ లక్షలూ పోసి అసలు సావాసమే లేని చోటు కొనుక్కున్నాం.

ఇక ఆదర్శం సంగతి. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తియ్యండి. పేజీ నిండా తపాలా బిళ్ళలంత ఫొటోలు, ఫొటో కింద అంకె. ఊళ్ళోకి వస్తే సెంటరులో ఫ్లెక్సీ, మళ్ళీ అవే మొహాలు. "అదిగో, అలా ఉండాలి నువ్వు" అని పిల్లకి చూపిస్తాం. ఎలా ఉండాలి? ఆ అమ్మాయి మంచిదా, పోట్లాటమారిదా, నవ్వుతుందా, ఎవరికైనా ఏదైనా పెట్టిందా, ఏమైనా తెలుసా మనకి? అంకె తప్ప ఏమీ తెలియదు. అంకెని చూసి ఎవరైనా గుణం నేర్చుకుంటారా? ఆదర్శమనే మనిషి దగ్గరగా ఉండాలి. విసుక్కుంటున్నప్పుడు చూడాలి, అప్పు తీరుస్తున్నప్పుడు చూడాలి, ఓడిపోయిన రోజున భోజనానికి ఎలా కూర్చున్నాడో చూడాలి.

ఆ చదువుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటే ప్రభుత్వాలు సంఘాలు వేశాయి. 2001 లో నీరదా రెడ్డి గారి సంఘం, 2017 లో చక్రపాణి గారి సంఘం. నివేదికలు వచ్చాయి. తెల్లవారకముందు గంట మోగుతూనే ఉంది. దీని మీద ఇంతకంటే రాయడానికి నాకు చెయ్యి రాదు.

పింగళి కాటూరి వారు తమ స్నేహానికి కాయించిన పెద్ద కాయ 'సౌందరనందము' అన్నాను కదా. ఆ కథకి మూలం అశ్వఘోషుడి సంస్కృత కావ్యం. నందుడు బుద్ధుడి తమ్ముడు. కొత్తగా పెళ్ళయి, భార్య సుందరి అలంకారం చేసుకుంటుంటే అద్దం పట్టుకుని కూర్చున్న మనిషి. అన్నగారు భిక్షకి వచ్చి, ఎవరూ చూడక ఉత్త చేతులతో వెళ్ళిపోయాడని తెలిసి, సుందరి ముఖం మీద తిలకం తడి ఆరేలోగా వచ్చేస్తానని చెప్పి పరుగెత్తాడు. అన్నగారు తమ్ముడికి గుండు గీయించి సన్యాసం ఇప్పించాడు. లోకంలో అంతకంటే గొప్ప ఆదర్శం ఎవరు చెప్పండి? ఇంట్లో సొంత అన్న, బయట సాక్షాత్తు బుద్ధుడు. అయినా ఏమైంది? తల గుండయింది గాని మనసు సుందరి దగ్గరే ఉండిపోయింది. అప్పుడు అన్నగారు స్వర్గానికి తీసుకెళ్ళి అప్సరసలని చూపించాడు. తపస్సు చేస్తే వాళ్ళు దక్కుతారన్నాడు. నందుడు సుందరిని మరిచి అప్సరసల కోసం కఠినంగా తపస్సు మొదలుపెట్టాడు. ఇంజనీరింగు సీటు వస్తే బైకు కొనిపెడతానన్న నాన్నగారు ఎవరికైనా గుర్తుకొస్తే నా పూచీ లేదు. ఆఖరికి నందుడికి సిగ్గు తెప్పించినవాడు ఎవరు? తోటి భిక్షువు ఆనందుడు. పక్కన కూర్చుని, "నువ్వు చేస్తున్నది ధర్మమా, కూలికి బేరమా?" అన్న అర్థం వచ్చేలా మెత్తగా దెప్పాడు. అన్నగారి ఆజ్ఞ చెయ్యలేని పని, గుండు చెయ్యలేని పని, అప్సరసలు చెయ్యలేని పని తోటివాడి ఒక్క మాట చేసింది. మా పక్క ఊరి కవీ ఆయన స్నేహితుడూ లోకంలో ఉన్న కథలన్నీ వదిలేసి ఈ కథే ఎంచుకున్నారంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

"మీకేమండీ, ఎన్నైనా రాస్తారు. గంజాయి స్కూలు పిల్లల దాకా వచ్చేసిందంటున్నారు. ఎవరో ఒకరు అలవాటు చేస్తేనే కదా మొదలయ్యేది?" అని మీరు అంటారు. నిజమే. ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. చెడ్డ స్నేహాలు లేవని నేను అనడం లేదు. మీరు నాకు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. అలాంటి వాడు వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఎవరు లొంగుతారు? సాయంత్రం బంతి ఆడుకోవడానికి నలుగురు ఎదురుచూస్తున్న కుర్రాడా, హాస్టలు గదిలో మాట్లాడే దిక్కు లేక గోడ చూస్తున్న కుర్రాడా? మంచి స్నేహితులని కంచె కట్టి దూరం పెట్టాం. చెడ్డవాడు కంచె దూకి వస్తాడు. దూకడం వాడికి వచ్చు, మంచివాడికి రాదు.

కర్ణుడి కథ మనందరికీ తెలుసు. దుర్యోధనుడి స్నేహం పట్టి చెడిపోయాడని పిల్లలకి చెబుతాం. ఆ స్నేహం ఎప్పుడు కలిసిందో మాత్రం చెప్పం. కుర్రాళ్ళ విద్యాప్రదర్శన జరుగుతుంటే కర్ణుడు వచ్చి నిలబడ్డాడు. అర్జునుడు చేసినవన్నీ తానూ చేసి చూపించాడు. పెద్దమనుషులు ఏమడిగారు? నీ కులమేమిటని అడిగారు. తల వంచుకున్న కుర్రాడి దగ్గరికి నిండుసభలో ఒక్కడే వచ్చాడు. రాజ్యం ఇచ్చి, స్నేహం తప్ప నాకేమీ వద్దన్నాడు. ఆ వచ్చినవాడు దుర్యోధనుడు కావడం కర్ణుడి తప్పా, ముందు రావాల్సినవాళ్ళు రాకపోవడం సభలోవాళ్ళ తప్పా?

మన ఇళ్ళల్లో ఆ సభ రోజూ జరుగుతుంది. పిల్లాడు కొత్త స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొస్తాడు. మంచినీళ్ళు ఇస్తూ నాన్నగారేం చేస్తారు బాబూ అని అడుగుతాం. ఇంటిపేరు అడుగుతాం. ఏ ఊరు, ఏ పేట అని అడుగుతాం. ఆ కుర్రాడు గుమ్మం దిగాక గొంతు తగ్గించి, "వాళ్ళేమిట్లురా?" అంటాం. ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది, వాడు మళ్ళీ మన గడప తొక్కాలో అక్కర్లేదో. కుర్రాడు అబద్ధమాడతాడా, పెద్దల్ని గౌరవిస్తాడా, మన పిల్లాడికి జ్వరమొస్తే నోట్సు తెచ్చిస్తాడా అన్నవి అడగం. వాటికి ఇంటిపేరుతో పని లేదు కదా. ఇలా మంచివాళ్ళని మనమే గుమ్మంలోంచి పంపించేసి, తరవాత తిరనాళ్ళలో నిలబడి సావాసదోషమని కళ్ళు ఒత్తుకుంటాం.

ఇంతవరకూ కుర్రాళ్ళ సంగతే మాట్లాడాను. ఆడపిల్లల మాట ఎత్తితే ఇంకా కోపం వస్తుంది. మగపిల్లాడికి స్నేహితుడు ప్రమాదమనుకుంటాం. ఆడపిల్లకి స్నేహితురాలు ప్రమాదం కూడా కాదు, వట్టి కాలక్షేపం. పెళ్ళి కుదిరేదాకా ఉంటుంది, పెళ్ళినాడు జడ వేస్తుంది, గాజులు తొడుగుతుంది, తరవాత ఆవిడ దారి ఆవిడది. మన ఆయనగారి బడి స్నేహితుడు ఎన్నేళ్ళకి వచ్చినా పెద్దపీట వేసి పెసరట్టు పోస్తాం. మన స్నేహితురాలు ఫోను చేసి అరగంట మాట్లాడితే, "ఇంకా ఎంతసేపు?" అని ముందుగదిలోంచి వినపడుతుంది. మన కూతుళ్ళు ఇది చూస్తూ పెరుగుతున్నారు. ఆదర్శమంటే ఫ్లెక్సీ మీద ఉంటుందనుకుంటున్నాం గాని, వాళ్ళకి మొదటి ఆదర్శం మనమే. ఆడదానికి స్నేహం అక్కర్లేదని మనల్ని చూసే నేర్చుకుంటున్నారు.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. మన జిల్లాలోనే 1940 ల్లో మోటూరు ఉదయం గారు ఆడవాళ్ళతో బుర్రకథ దళం కట్టారు. బుర్రకథ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తంబుర పట్టి కథ చెప్పే మనిషి మధ్యలో ఉంటుంది. అటో వంత, ఇటో వంత. ఒకరు హాస్యం అందుకుంటారు, ఇంకొకరు లోకం సంగతులు అందుకుంటారు. కథ చెప్పే మనిషికి ఊపిరి అందకపోతే వంతలు పాట ఎత్తుకోవాలి. వంత మాట మరిచిపోతే కథకురాలు సర్దుకోవాలి. ఆడది వీధిలో గొంతెత్తితేనే ముక్కున వేలేసుకునే రోజుల్లో ముగ్గురు ఆడవాళ్ళు ఊరి మధ్యన వేదికెక్కి నిలబడాలంటే ఆ ముగ్గురికీ ఒకరి మీద ఒకరికి ఎంత గురి ఉండాలి! ఏ ఒక్కతీ ఒంటరిగా ఆ మెట్టు ఎక్కగలిగేది కాదని నా నమ్మకం.

ఉయ్యూరు దాటి బందరు రోడ్డున పోతే పామర్రు వస్తుంది. 1918 లో అక్కడ పుట్టారు కొండపల్లి కోటేశ్వరమ్మ గారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఊహ తెలిసేలోగా వైధవ్యం. తరవాత కొండపల్లి సీతారామయ్య గారితో మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ పని, పాటలు, సభలు, రహస్య జీవితం. భర్త విడిచి వెళ్ళిపోయాక, ముప్పై దాటిన వయసులో, ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మళ్ళీ పలకా బలపం పట్టినట్టు చదువు మొదలుపెట్టారు. మెట్రిక్ పాసయ్యారు. ఆ తరవాత కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టలుకి మేట్రన్‌గా పనిచేశారు. కడుపున పుట్టిన పిల్లలిద్దరూ ఆవిడ కళ్ళముందే పోయారు. తొంభై దాటాక, 2012 లో, 'నిర్జన వారధి' అని తన కథ తానే రాసుకున్నారు. 2018 లో నూరేళ్ళు నిండాక వెళ్ళిపోయారు.

రాజకీయాల సంగతి పక్కన పెట్టండి, ఎవరి అభిప్రాయం వాళ్ళది. నా కళ్ళు ఆ హాస్టలు దగ్గర ఆగిపోతాయి. పదహారు, పదిహేడేళ్ళ ఆడపిల్లలు ఇల్లు వదిలి వచ్చి ఉన్న చోట, బియ్యం కొలిచి, తలుపులు వేసి, జ్వరం వస్తే నుదురు తడిమి చూసే మనిషి కోటేశ్వరమ్మ గారు. పరీక్ష తప్పానని ఏడ్చే పిల్లకి, ముప్పై దాటాక మెట్రిక్ రాసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆవిడ నోరు విప్పి ఒక్క మాట చెప్పాల్సిన అవసరం ఉందంటారా? హాస్టలు ఉండడమే తప్పని నేను అనడం లేదన్నది మీకు ఇప్పుడైనా తెలిసే ఉంటుంది. హాస్టల్లో ఎవరున్నారన్నదే నా ప్రశ్న. మనం ఫీజు కట్టేటప్పుడు ఏసీ గదులు ఎన్ని అని అడుగుతాం, గదికి ఎందరని అడుగుతాం, కిందటేడు ర్యాంకులు ఎన్ని అని అడుగుతాం. వార్డెనమ్మ ఎవరు, ఆవిడ ఎలాంటి మనిషి, ఎన్నాళ్ళనుంచి ఉంటోంది, ఆవిడకి జీతం సరిగ్గా ఇస్తున్నారా అని అడిగిన తల్లి ఎక్కడైనా ఉంటే నేను ఆవిడకి దణ్ణం పెడతాను.

అందుకని, వచ్చే విజిటింగ్ ఆదివారం పులిహోరా పెరుగన్నం క్యారియరు పట్టుకుని బందరు రోడ్డున బస్సెక్కినప్పుడు, వెళ్ళగానే మార్కుల కాగితం అడక్కండి. పక్క మంచం పిల్ల పేరు అడగండి. ఆ పిల్ల ఏ ఊరిదో, వాళ్ళమ్మ ఈ వారం వచ్చిందో లేదో అడగండి. మీ అమ్మాయి "ఏమో, తెలీదు" అంటే, ఆఫీసు గదిలోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చోండి. ఏడాది ఫీజు కట్టినవాళ్ళు మీరు. ఒకే గదిలో ఆరు నెలలు పడుకున్న ఇద్దరు పిల్లలకి ఒకరి ఊరు ఒకరికి తెలియకుండా ఎలా ఉంచగలిగారో చెప్పమనండి.